తిన్నని తొలివేట

అమరావతికి వచ్చు యాత్రికుడు కృష్ణలో స్నానమాడి, గట్టుమీది అమరేశ్వరుని సేవించి, ఆ పిమ్మట స్తూపమున్న చోటికి నడచును. దీపాలదిన్నె అని పెద్దలు పిలిచిన ఆ మిట్టమీద నేడు మిగిలినది కొద్ది. అక్కడి శిల్పసంపదలో పెద్దపాలు చెన్నపట్టణమునకును లండను నగరమునకును ఏనాడో తరలిపోయినది. చెన్నపట్టణపు ప్రదర్శనశాలలోనున్న అమరావతి శిలలలో గుండ్రని పద్మఫలక మొకటి కలదు. తామరకొలను, ఏనుగులమంద, ఆ ఏనుగుల రాజు దంతములకై వచ్చిన వేటగాడు అందు కన్పట్టుదురు. పల్నాటిలోని గోలి గ్రామమున దొరకిన శిలలమీదను ఈ కథయే చెక్కబడి యున్నది. ఇది షడ్దంత జాతకము.

ఆ కథలో కాశీరాజు పట్టపురాణి పూర్వజన్మపు పగచేత, ఆరు వన్నెల దంతములుగల గజరాజును చంపి ఆ దంతములు తెమ్మని సోణుత్తరుడను వేటగానిని నియోగించును. అతడు సామాన్యుడు కాడు. అతని ప్రయాణమునకు రాణి చేయించిన సామగ్రిని జాతకకథ ఓపికగా వర్ణించును. గొడ్డలి, పార, బరమా, సుత్తి, వెదుళ్లు నరకు కత్తి, గడ్డి కోయు కొడవలి, ఇనుపకోల, కొండ కొమ్మును పట్టుకొనుటకు మూడుకొనల కొక్కెము, తోలుత్రాళ్లు, తోలుసంచి, తోలుగొడుగు, అన్నియు సిద్ధమయ్యెను. కొక్కెమును పైకి విసరి, త్రాటిని పట్టి, రాతిలో మేకులు దిగగొట్టుచు అతడు కొండలెక్కెను. కొండలు దాటి గమ్యము చేరుటకు ఏడేండ్ల ఏడుమాసముల ఏడుదినములు పట్టెను. అంత సన్నాహమునకు ఫలమేమి? గోతిలో దాగి, కాషాయవస్త్రము కప్పుకొని, విషబాణము వేసెను. గజరాజు కాషాయమును చూచి కోపము విడిచి, రంపమును తానే తొండమున పట్టి దంతములు కోసి యిచ్చెను. ఆ దంతములను చూచిన రాణి గుండె పగిలి మరణించెను. సన్నాహములో లోపము లేదు. సన్నద్ధుడైన మనిషిలో లోపము కలదు.

స్తూపమునుండి నాలుగడుగులు వెనుకకు వచ్చినచో మరల అమరేశ్వరాలయము. శివరాత్రి జాగరమున శివాలయములలో చెప్పుకొను కథలలో మరియొక వేటగాని కథ యున్నది. అతని సామగ్రి మిక్కిలి చిన్నది. ఒక విల్లు, కొన్ని అమ్ములు, ఒక చురకత్తి, కాళ్లకు చెప్పులు. అతడును తొలివేటకు సకలవిధముల సిద్ధపడి పోయినవాడే. ఆ వేటనుండి అతడు మరల ఇంటికి రాలేదు. లోకము కన్నప్పయని పేరు పెట్టి పూజించు ఉడుమూరి తిన్నని జీవితమును, ముఖ్యముగా ఆ తొలివేటను, ఒకమారు నెమ్మదిగా పరిశీలించుట విద్యార్థులకును ఉపాధ్యాయులకును ఉపయోగకరమని నా నమ్మకము.

తిన్నడు ఏ సంవత్సరమున పుట్టెనో చెప్పు శాసనము లేదు. కాని అతని కీర్తి చాల పాతది. సుమారు 8వ శతాబ్దివాడగు సుందరమూర్తి తాను నమస్కరించు శివభక్తుల వరుసలో అతనిని పేర్కొనెను. 12వ శతాబ్దిలో చోళచక్రవర్తి రెండవ కులోత్తుంగుని కాలమున సేక్కిళారు తమిళమున పెరియపురాణమును రచించి, అతని చరిత్రను సవిస్తరముగా చెప్పెను. మన భాషలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ఆ కథను తెలుగు చేసెను. 16వ శతాబ్దిలో ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యమున దానికి క్రొత్త సొగసు దిద్దెను. 1954లో కాళహస్తి మహాత్మ్యము, 1976లో భక్త కన్నప్ప అను చలనచిత్రములు ఆ కథను అక్షరము రానివారి యొద్దకును చేర్చినవి. పేర్లలో, ఘట్టముల వరుసలో ఒక్కొక్క కవికి ఒక్కొక్క తీరు. వేట సన్నాహమును అందరికంటె శ్రద్ధగా చూచినవాడు సేక్కిళారు గనుక, ఈ వ్యాసమున ప్రధానముగా అతని త్రోవనే అనుసరించుచున్నాను.

తిన్నని జన్మభూమి పొత్తపినాడు. కడప సీమలో నందలూరు దాపున పొత్తపి గ్రామము నేటికిని కలదు. రాజంపేట దగ్గరి ఊటుకూరే నాటి ఉడుమూరని ఆ ప్రాంతమువారి విశ్వాసము. చుట్టును కొండలు, కొండల నడుమ బోయల పల్లె. ఇండ్ల ముంగిళ్లలో వేటకుక్కలు, చెట్లకు వ్రేలాడు వలలు, రాళ్లమీద ఆరవేసిన కొండధాన్యము, దీమములుగా మచ్చిక చేసిన మృగములు. ఆ పల్లెకు నాగుడు దొర. అతని భార్య తత్త. చాలకాలము వారికి సంతానము లేదు. కుమారస్వామికి మ్రొక్కిన పిదప లేకలేక ఒక కొడుకు పుట్టెను. ఎత్తుకొనబోయిన తండ్రికి ఆ బిడ్డ బరువుగా, గట్టిగా తోచెనట. గట్టివాడని అర్థము వచ్చునట్లు తిన్నడని పేరు పెట్టెను.

బోయపిల్లవాని ఆటలన్నియు వేటకు ఓనమాలే. మెడలో పులిగోరు, చేతిలో పిల్లవిల్లు. నడక వచ్చిన పిదప కుందేటికూనలను, పందిపిల్లలను, పులికూనలను, రేచుకుక్క పిల్లలను వెంటాడి పట్టుకొనివచ్చి ముంగిట కంబములకు కట్టి పెంచెడివాడు. పట్టుటయే కాదు, పెంచుట! ప్రాణి ఏమి తినును, ఎట్లు నిద్రించును, ఎప్పుడు బెదరును, ఏ చప్పుడునకు చెవి రిక్కించును అనుట ఆ ముంగిటనే అతడు నేర్చెను. పుస్తకములేని పాఠశాల అది.

ఆ బాల్యమునకు సంబంధించి కవి చెప్పిన చిన్న ముచ్చట యొకటి కలదు. వేటలో దీమముగా వాడుటకుంచిన పులి నోరు తెరచియుండగా, పసివాడు అదియొక గుహయనుకొని చేయి లోపలికి చాచెను. తండ్రి చూచి హడలి, చేతికందిన పచ్చని ఆకుమండను ఎత్తి బెదరించెను. పసివాని కన్నులు నీటితో నిండెను. తల్లి దగ్గరకు తీసి ముద్దులతో ఆ కన్నీటిని తుడిచివేసెను. కథ చివరి వరకు ఎరిగిన పాఠకునకు ఈ ఘట్టము చదువునప్పుడు గుండె కలుక్కుమనును. తల్లి ముద్దుపెట్టుకొన్న ఆ కన్నులే గదా తరువాత కథకు కేంద్రములు!

విల్లుపట్టు వయసు వచ్చెను. మనలో అక్షరాభ్యాసమెట్టిదో ఆ బోయలలో విల్లుపట్టు వేడుక అట్టిది. నాగుడు కొండసీమ బోయదొరలకందరకు కబురంపెను. వారు ఏనుగుదంతములు, పులితోళ్లు, నెమలిపింఛముల మోపులు, తేనె, మాంసము, ధాన్యము కానుకలుగా తెచ్చిరి. విల్లునకు పులినరముతో కంకణము కట్టి, తప్పెటలు మ్రోగుచుండగా వేడుక సాగించిరి. శుభవేళ పిల్లవాని చేతికి విల్లు నిచ్చి, విలువిద్య తెలిసిన పెద్దల కప్పగించిరి. ఆనాటినుండి నిలుచు తీరు, ఊపిరి బిగబట్టు తీరు, గాలివాలు గమనించు తీరు, వదలిన అమ్ముపై మనసు నిలుపు తీరు, ఇవన్నియు అభ్యాసము. విల్లుతోపాటు ఇతరాయుధములను నేర్చి తిన్నడు పదునారేండ్ల వయసు వాడయ్యెను.

ఆ యేట నాగుడు మునుపటివలె వేటకు పోలేకపోయెను. వార్ధక్యము పైబడెను, కాలు కొండకు సాగదు, చేయి వింటికి సాగదు. వేట ఆగుటచే అడవిమృగములు పెరిగి, కొండచరియల పైరులపై పడెను. పందులు చేలను పెళ్లగించుచున్నవి. రాత్రులు కావలియున్నను ఫలము లేదు. పల్లెలోని బోయలందరు గుంపుగా వచ్చి దొరతో మొరపెట్టుకొనిరి. వారు వేటను వినోదముగా కోరలేదు; పంట దక్కుటకు, పిల్లల పొట్ట నిండుటకు కోరిరి. కొండపల్లెలో వేట దొర విలాసము కాదు, దొర విధి. నాగుడు తన అశక్తతను ఒప్పుకొని, ఇకపై తన కొడుకును దొరగా గ్రహింపుడని చెప్పెను. పల్లె సంతోషించెను.

తండ్రి కొడుకును పిలిపించి, దొరతనమునకు గుర్తుగా తోలుదుస్తును చురకత్తిని అతని చేతిలో పెట్టెను. తండ్రి ఉండగా తాను దొరయగుట తిన్నని మనసునకు హితముగా లేదు. అయినను తండ్రి మాట త్రోసివేయుట తగదని తలవంచి పుచ్చుకొనెను. ఆ రెండు వస్తువులతోపాటు పల్లె భారమంతయు ఆ పదునారేండ్లవాని చేతిలో పడెను.

తొలివేటకు ముందు దేవర అనుజ్ఞ కావలెను. పల్లె దేవతను కొలుచు ముసలి పూజారిణిని నాగుడు పిలిపించి, ఆమె కోరిన మాంసమును మధువును తేనెను కొండదేవరకు నివేదనగా ఇప్పించెను. ఆమె శకునములు చూచి, ఈ బాలుడు తండ్రినే మించిన వాడగునని దీవించి అక్షతలు చల్లెను. ఆ మించుట ఏ రీతిదో ఆమెయు ఎరుగదు, వినుచున్న నాగుడును ఎరుగడు.

తెల్లవారెను. తిన్నని అలంకరించిరి. జుట్టు పైకి దువ్వి ముడివేసి నెమలిపింఛము తురిమిరి. మెడలో గవ్వలతో, పందికోరలతో కూర్చిన పేరులు వేసిరి. నడుమున తోలుదట్టి, దానిలో చురకత్తి, వెన్నున అమ్ములపొది, కాళ్లకు తోలుచెప్పులు. తిన్నడు వింటికి నమస్కరించి, ఎక్కుపెట్టి, నారి మ్రోయించి చూచుకొనెను. పల్లె బోయలందరు అతని చుట్టు చేరిరి. వేటకుక్కల పలుపులు విప్పిరి. వలలు మోయువారు ముందు నడచిరి. జాడలు తీయుటకు పోయిన వేగులవారు తిరిగివచ్చి, ఏ వాగు దగ్గర ఏ మందలున్నవో, అడుగులు ఎటుపోయినవో తెలిపిరి. తమిళకవి దీనిని కన్నివేట యనెను, తొలివేటయని అర్థము.

మన తూర్పుకనుమల అడవులలో కొండమేక జాతి లేదు. దాని దగ్గరిజాతి వరయాడు దక్షిణాన పడమటి కనుమల ఎత్తులలో మాత్రము కలదు. ఇక్కడ నల్లమలలో, మన తెలుగువారు కొండగొర్రెయని పిలుచునది నిజమునకు నాలుగు కొమ్ముల జింక. మగదానికి ముందు రెండు చిన్న కొమ్ములు, వెనుక రెండు పెద్ద కొమ్ములు. అది నీటికి దూరముగా ఉండలేదు, మందగా తిరుగదు, పొదలమాటున నక్కి కంటబడదు. అట్టి ప్రాణి తిరుగు అడవిలో వేట సాగింపవలెనన్న బలము చాలదు, ఎరుక కావలెను. ఏ రాతివెనుక నీడ పడును, ఏ దారిన మృగము నీటికి దిగును అను తెలివి తరతరములుగా పల్లె దాచుకొన్న ధనము. అట్టి ధనమే తొలివేటనాడు యువకునకు అప్పగింపబడును.

వలలు చుట్టును కట్టిరి. డప్పులు కొట్టి, కేకలువేసి, మృగములను వలలవైపు తరిమిరి. అడవియంతయు ప్రతిధ్వనించెను. ఇంత కోలాహలములో సేక్కిళారు ఒక్కక్షణమాగి, ఆ బోయలు చేయని పనులను చెప్పెను. వారు ఏనుగుగున్నలను వెంటాడలేదు. బెదరి చెదరిన చిన్నకూనలను చంపలేదు. చూలుభారముచే అడుగులు తడబడు పెంటిజింకల జోలికి పోలేదు. వేట మధ్య ఈ సంయమము కవి కల్పించిన అలంకారమాత్రము కాదు. అడవినే నమ్మి బ్రతుకువారి జీవనసూత్రమది. నేటి కూనను చంపినవానికి రేపటి వేట లేదు. సోణుత్తరుని సామగ్రిలో మూడుకొనల కొక్కెమున్నది గాని, ఈ నియమము లేదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కొండగొర్రెకు ఉన్నతమైన రక్షణ కల్పించెను. నేడు ఆ అడవికి విల్లుతో పోవుట నేరము. ఆ చట్టము పుట్టుటకు వందల యేండ్లకు ముందే అక్షరము రాని బోయపల్లెలో దానికి బీజమున్నదని విద్యార్థులు గుర్తింపవలెను.

వేట ముగియవచ్చెను. అంతలో ఒక అడవిపంది వలలు తెంచుకొని ఉరుములవంటి రొదతో పారిపోయెను. తిన్నడు దానిని కాలినడకనే తరిమెను. గుంపు వెనుకబడెను, నాణుడు, కాడుడు అను ఇద్దరు మాత్రము అతనిని విడువక పరుగెత్తిరి. చాలదూరము పోయి, అలసిన పంది ఒక చెట్టునీడను నిలిచెను. తిన్నడు దానిని సమీపించి, తండ్రి యిచ్చిన చురకత్తితోనే ఒక్క వ్రేటున పడగొట్టెను. తొలివేట సఫలమయ్యెను. శాస్త్రప్రకారము కథ ఇక్కడ ముగిసి, వీరుడు ఊరేగింపుతో ఇంటికి పోవలెను.

కాని ముగ్గురికిని ఆకలి, దప్పి. నీరెక్కడయని తిన్నడడిగెను. ఎదుటి టేకులు దాటినచో స్వర్ణముఖీనది ఉన్నదని నాణుడు చెప్పెను. పందిని మోసికొని పోవుచుండగా ఎదుట శ్రీకాళహస్తి కొండ కన్పించెను. అది చూచిన క్షణమునుండి తిన్నని మనసు మారెను. దానిపై ఏమున్నదని అడుగగా, అక్కడ దేవుడున్నాడని నాణుడు చెప్పెను. అగ్ని చేసి మాంసము సిద్ధపరుపుమని కాడునికి చెప్పి, తిన్నడు నాణునితో నది దాటి కొండ నెక్కెను. ఎక్కుకొలది తనమీది బరువేదో తగ్గుచున్నట్లు అతనికి తోచెను.

పైన శివలింగము, ఎదుట ఎవ్వరును లేరు. బోయపిల్లవానికి మొదట కలిగినది భయము కాదు, జాలి. పులులు తిరుగు కొండమీద తోడు లేక ఒంటరిగా ఉన్నాడే! ఆకలిగొన్నచో పెట్టువారెవరు? లింగమును కౌగిలించుకొని కన్నీరు కార్చెను. దానిపై ఆకులు, పూలు, నీరు ఉండుట చూచి ఇవి ఎవ్వరు ఉంచిరని అడిగెను. పూర్వము నాగునితో వేటకు వచ్చినప్పుడు ఒక బ్రాహ్మణుడు ఇట్లు నీరు పోసి, పూలు పెట్టి, ఏదో పలుకుటను తాను చూచితినని నాణుడు చెప్పెను. తిన్నడు నేర్చిన పూజావిధి ఆ ఒక్కమాట. మిగిలిన దంతయు అతడు వేటనుండి తెచ్చుకొన్నదే.

ఇక్కడ జాగ్రత్తగా గమనింపవలెను. తిన్నడు క్రిందికి దిగి, మాంసమును కాల్చి, ముక్కముక్కను నాలుకతో రుచిచూచి, మెత్తనివి ఏరి ఆకుదొప్పలో పెట్టెను. వేటగాడు ఇంటి పెద్దకు మంచిపాలు ఏరిపెట్టు తీరది. రెండు చేతులలో ఒకట విల్లు, ఒకట దొప్ప. నీటికి పాత్ర లేదు గనుక నోట నింపుకొనెను. పూలకు చోటు లేదు గనుక జుట్టున తురుముకొనెను. కొండపై కెక్కి, చెప్పుకాలితో పాత పూలను ప్రక్కకు నెట్టి, నోటినీటితో అభిషేకించి, తలలోని పూలు లింగముపై రాల్చి, మాంసము ముందుంచెను. రాత్రి వచ్చెను. మృగములు వచ్చునేమోయని విల్లెక్కుపెట్టి రెప్పవాల్చక తెల్లవార్లు నిలిచెను. మంచెమీద చేను కాచుటకు పల్లెలో నేర్చిన మెలకువ ఇక్కడ శివుని కాచుట కుపయోగపడెను.

నాణుడు కాడుడు భయపడి పల్లెకు పోయి చెప్పిరి. నాగుడు అన్నము నీళ్లు మాని పూజారిణిని వెంటబెట్టుకొని వచ్చెను. బ్రతిమాలెను, ఎన్నివిధముల చెప్పినను కొడుకు కదలలేదు. ఇట ఒక తండ్రి దుఃఖమున్నది. భక్తికథలు చెప్పువారు దీనిని తొందరగా దాటిపోవుదురు. ఉడుమూరికి ఒక దొర కావలెను. చేలపై పందులు మరల పడును. నాగుడు పదునారేండ్లు శ్రమపడి ఒక వేటగానిని సిద్ధపరచెను, ఆ వేటగాడు మొదటి దినముననే చేజారెను. విద్యనేర్పిన తండ్రికి విద్య ఎటుపోవునో తెలియదు. చివరకు నాగుడు ఒంటరిగా మరలిపోయెను. ఆ కొండ దిగిన ముసలి బోయదొర అడుగులను తలచినప్పుడెల్ల, మన బడులలో పిల్లలను పెంచి పంపించు తల్లిదండ్రులును ఉపాధ్యాయులును నాకు గుర్తుకు వత్తురు.

తెల్లవారుచునే తిన్నడు వేటకు పోవును. అప్పుడు శివగోచరుడను అర్చకుడు వచ్చును. ఎముకలును మాంసమును చూచి అతడు అదిరిపడి, ఈ అపచారమెవ్వరు చేసిరని కుమిలి, శుద్ధిచేసి, శాస్త్రోక్తముగా పూజించి పోవును. ఆపై తిన్నడు క్రొత్తవేటతో వచ్చి అవి తీసివేసి తన రీతిని పూజించును. ఇట్లు అయిదు దినములు గడచెను. అర్చకుడు దుష్టుడు కాడు. అతని శ్రద్ధయు నిజమైనదే. తనకు తెలిసిన శుచిని అతడు కాపాడుచున్నాడు. అయిదవరాత్రి శివుడు అతని కలలో కన్పించి, ఆ బోయవాని నోటినీరు గంగకంటెను, అతని చెప్పుకాలి తాకిడి కుమారస్వామి పాదము తాకిడికంటెను తనకు ప్రియమని తెలిపి, మరునాడు చాటున నిలిచి చూడుమనెను.

ఆరవనాడు తిన్నడు దుశ్శకునములు చూచి తొందరగా వచ్చెను. లింగము కుడికంటినుండి నెత్తురు కారుచున్నది. చేతిలోని విల్లు జారెను, మాంసము పడెను, పూలు రాలెను. ఆ పిమ్మట అతడు చేసిన పనులను వరుసగా చూడుడు. మొదట విల్లు మరల తీసికొని, ఈ దెబ్బ తీసినది పగవాడా మృగమా అని కొండయంతయు వెదకెను. జాడ తీయుట అతని విద్య. ఎవ్వరును కన్పింపలేదు. పిదప అమ్ముగాయమునకు బోయలు వాడు మూలికలు కొండచరియల వెదకి తెచ్చి పిండెను. గాయము మాన్పుట అతని విద్య. నెత్తురాగలేదు. అప్పుడు పెద్దలు చెప్పిన మాట స్ఫురించెను: మాంసమునకు మాంసమే మందు. ఇంకొక ఆలోచన లేక, అమ్ము తీసి తన కన్ను పెకలించి లింగమునకు అద్దెను. నెత్తురాగెను. తిన్నడు ఆనందముతో గంతులువేసెను.

అంతలో ఎడమకన్ను కారెను. మందు తెలిసెను గనుక ఇక చింత లేదు. కాని ఉన్న ఒక్క కన్నును తీసినచో అంటింపవలసిన చోటు కన్పింపదు. గురి తప్పరాదు, అది విలుకాని మొదటి పాఠము. అందుచే చెప్పుకాలిని లింగము ఎడమకంటిచెంత ఆనవాలుగా ఉంచి, అమ్ము ఎత్తెను. ఆ క్షణమున శివుడు చేయిచాచి అతని చేతిని పట్టి ఆపి, కన్నప్పా అని పిలిచి, తన కుడిప్రక్కను చోటిచ్చెను. చాటున నిలిచిన అర్చకుడు చూచెను. తన జీవితకాలపు పూజలో తాను చూడని దేవుని, ఆరు దినముల పూజ యెరిగిన బోయవాని వలన చూచెను.

ఇది జరిగినదని నమ్మువారు నమ్ముదురు. కథయను వారు కథయందురు. ఎట్లనుకొన్నను ఒక సత్యము మిగులును. ఆ ఆరు దినములలో తిన్నడు పల్లెలో నేర్వని పని ఒక్కటియు చేయలేదు. ముంగిట కూనలను పెంచినప్పుడు నేర్చిన జాలి, మంచెపై నేర్చిన జాగరము, పంచిపెట్టుటలో నేర్చిన రుచి, జాడ తీయు ఓపిక, మూలికల ఎరుక, గురి తప్పని ఏకాగ్రత, ఇవియే అతని పూజాద్రవ్యములు. క్రొత్తగా కలిగినది ఒక్క ప్రేమ మాత్రమే. ప్రేమ వచ్చినప్పుడు పనికివచ్చుటకు విద్య సిద్ధముగా ఉండెను. విద్య లేక ప్రేమ మాత్రమున్నచో అతడు ఏడ్చి ఊరకుండెడివాడు. ప్రేమ లేక విద్య మాత్రమున్నచో సోణుత్తరుడయ్యెడివాడు.

ఉపాధ్యాయునకు ఇది ఊరట, హెచ్చరికయు. నాగుడు నేర్పినది పంట కాపాడుటకు. అది ఉపయోగపడినది వేరొకచోట. మనము చెప్పు పాఠము పరీక్షకని అనుకొందుము. పిల్లవాడు దానిని ఏ కొండపై, ఏ నెత్తురు తుడుచుటకు వాడునో మనకు తెలియదు. తెలియదు కనుకనే సగము నేర్పరాదు. విల్లు నేర్పినవాడు కూనను చంపరాదను నియమమును కూడ నేర్పవలెను.

శ్రీకాళహస్తిలో 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురము 2010 మే 26న కూలిపోయెను. క్రొత్తగోపురము 2017లో ప్రతిష్ఠింపబడినది. రాజు ఎత్తించిన రాతిగోపురము అయిదువందల యేండ్లలోపలనే నేలకొరగెను. గుడికి పైన, కొండమీద, బోయవాని చిన్నగుడి కలదు. శివరాత్రినాడు అమరావతిలో కృష్ణ ఒడ్డున కూర్చుండి ఆ కథ వినువారిలో పల్నాటి మెట్టపొలములను పందులనుండి కాచుకొను రైతులును ఉందురు. మంచెమీది జాగరమెట్టిదో వారికి చెప్పనక్కరలేదు.